ఎప్పట్నుంచి కారుతోంది?

సార్ బయల్దేరారట. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాను, గంట పట్టేట్టుంది, ఈలోగా ఏదీ ముట్టుకోకు, ఎవరితోనూ ఏమీ అనకు అని చెప్పి ఫోన్ పెట్టేశారు. ముట్టుకోకుండా ఉండటం నాకు చేతనవును. అనకుండా ఉండటానికే గడువు దాటిపోయింది. అనేశాను. సరిగ్గా చెప్పాలంటే అడిగేశాను. అడిగిన మాట, దానికి వచ్చిన జవాబు, రెండూ జేబులో ఫోన్‌లో ఉన్నాయి. తొడకి వెచ్చగా తగులుతోంది ఫోను, అది బ్యాటరీ పాతబడటం వల్ల, లోపలున్న గొంతుల వల్ల కాదు, ఆ మాత్రం తెలుసు, అయినా సలిపే పంటి మీదికి నాలుక పోయినట్టు చెయ్యి మాటిమాటికీ జేబు మీదికే పోతోంది. కూర్చున్న ప్లాస్టిక్ స్టూలుకి ఒక కాలు పొట్టి. ఇటు ఒరిగితే టక్కు, అటు ఒరిగితే టక్కు. కదలకుండా కూర్చుందామని ఊపిరి బిగబడతాను, ఊపిరి వదిలినప్పుడు మళ్లీ టక్కు. లేచి నిలబడితే చెప్పుల కింద నీళ్లు. నేల తుడిచారు, మళ్లీ తుడిచారు, అయినా రాళ్ల సందుల్లోంచి ఊరుతూనే ఉన్నాయి, ఏదో చెప్పాల్సింది మిగిలిపోయిన మనిషిలాగా.

నాటకాలకీ, బడి పిల్లల వార్షికోత్సవాలకీ దుస్తులు అద్దెకిచ్చే దుకాణం ఇది. గది పొడవునా తీగలు కట్టి అన్నీ వేలాడదీసింది షాపావిడ. రాజుగారి మఖమల్ కోటు రెండింతల బరువెక్కి తీగని నేలదాకా వంచేసింది. దాని పక్కన ఎలుగుబంటి, దాని పక్కన నర్సు, ఆ పక్కన సీతాకోకచిలుక రెక్కలు, రంగులన్నీ ఒకదాంట్లోకి ఒకటి జారి ఇప్పుడు ఏ పురుగు రెక్కలో చెప్పలేం. అట్ట కిరీటాలు ఉబ్బి విచ్చుకున్నాయి. పులి తోక కొసనుంచి ఒక్కో చుక్కా బకెట్‌లో పడుతోంది. షాపావిడ చేతులు మోచేతుల దాకా తడుపుకుని, నేనిక్కడ ఉన్నానన్న ధ్యాస ఉందో లేదో, తెల్లటి గడ్డం ఒకటి పిండుతోంది. "చూశావా తల్లీ, మంత్రిగారి గడ్డం, చెంబెడు నీళ్లు తాగింది," అంది. నేను నవ్వాను. నవ్వి, నవ్వకూడదేమో అనుకున్నాను. సార్ చెప్పిన నియమాల్లో నవ్వు గురించి లేదు. మంచినీళ్లు కూడా తీసుకోకు అని ఉంది, అయ్యో పాపం అనకు అని ఉంది, తప్పకుండా వస్తుందండీ అని చచ్చినా అనకు అని ఉంది. నవ్వు గురించి అడిగి తెలుసుకోవాలి. అడగడానికి ఉద్యోగం ఉంటే.

ఈ ఉద్యోగంలో చేరినప్పుడు నేను అనుకున్నది వేరు. బీమా కంపెనీ తరఫున వెళ్లి, నష్టం ఎంతో చూసి, రాసి వస్తాం అనుకున్నాను. మొదటి రోజున సార్, ఆఫీసులో అందరూ ఆయన్ని చాటుగా చెమ్మ సార్ అంటారు, నన్ను ఒక ఖాళీ గదిలో గోడ ముందు నిలబెట్టి, "ఎంత పోయిందో తర్వాత. ఎలా పోయిందో ముందు," అన్నారు. గొట్టం ఉన్నట్టుండి పగిలి నీళ్లు పారితే పూచీ మనది. ఊరి ఊరి, నెలల తరబడి చెమ్మగిల్లితే పూచీ వాళ్లదే, ఎందుకంటే కళ్లెదుట కారుతుంటే బాగు చేయించుకోవాల్సింది వాళ్లే. నీళ్లు అవే, గోడ అదే, పాడైన సామాను అదే, తేడా అల్లా ఎంత కాలం అన్నదొక్కటే. ఆయన గోడకి అరచెయ్యి ఆనించరు, చేతి వెనకవైపు ఆనిస్తారు, జ్వరం వచ్చిన పిల్ల నుదురు చూసినట్టు. "గోడలకి చెవులుంటాయంటారు. మన ఉద్యోగంలో నోరు కూడా ఉంటుంది. కానీ అమ్మా, ఆఫీసువాళ్లు గోడ మాట వినరు. మనిషి మాట, కింద సంతకం, అదీ వాళ్లకి కావాల్సింది. అందుకని మనిషిని జాగ్రత్తగా అడగాలి. ఎప్పట్నుంచి అని అడగకూడదు. మొదట ఎప్పుడు చూశారు అని అడగాలి. రెండూ ఒకటేలే అనుకుంటావు. కాదు."

రెండూ ఒకటేలే అనుకోలేదు, బుద్ధిగా బుర్ర ఊపాను, రాసుకున్నాను, గదికి వెళ్లి అద్దం ముందు అనుకున్నాను కూడా, మొదట ఎప్పుడు చూశారండీ, నీళ్లు మొదట ఎప్పుడు చూశారండీ. ఒంటరిగా పంపించిన మొదటి పని ఇది. పొద్దున ఇక్కడికి వచ్చి, రికార్డింగ్ నొక్కి, పేరు ఊరు అన్నీ వరసగా అడిగి, తడిసిన ఆ ఎలుగుబంటి మొహంలో గాజు కన్ను ఒకటి ఊడి దారానికి వేలాడుతుంటే చూసి, నా నోరు నా చేతుల్లోంచి జారిపోయి, "ఎప్పట్నుంచి కారుతోందండీ?" అంది. నోరే అంది. నేను అనలేదు. ఆవిడ గుమ్మంలో కనిపించినప్పటి నుంచీ నా లోపల ఎవరో ముక్కుతూ మూలుగుతూ ఉన్నారు, పాపం ఇంత పాడైందే అని, వాళ్లు అందుకున్నారు. జబ్బు మనిషిని చూడబోయిన వాళ్లంతా మంచం పక్కన కూర్చుని మొదట అనే మాట అదే కదా, ఎప్పట్నుంచి. డాక్టరూ అదే అంటాడు, చుట్టమూ అదే అంటాడు, పక్కింటి వాళ్లూ అదే అంటారు. ఎక్కువ రోజులు చెబితే అయ్యో అంటారు, తక్కువ చెబితే, ఓస్ అంతేనా, మా ఆడబిడ్డకైతే ఏడాది, అంటారు. ఆ లెక్క ఆవిడకీ తెలుసు. అందుకే గడ్డం పక్కన పెట్టి, చీర కొంగుతో చెయ్యి తుడుచుకుని, గొంతు కాస్త బరువు చేసుకుని, అది కావాలని చేసుకోవడం కాదు, ఎవరైనా మంచిగా అడిగితే గొంతు దానంతటదే బరువెక్కుతుంది, "ఏం చెప్పమంటావు తల్లీ, నెలల తరబడి ఈ తడి బాధ పడుతూనే ఉన్నాను. చెప్పుకునే దిక్కు లేక నోరు మూసుకున్నాను," అంది. ఆ ఒక్క మాటతో ఆవిడ తన దుకాణానికి తనే తాళం వేసుకుంది. ఆవిడకి తెలీదు. తాళం చేతిలో పెట్టింది నేను.

అంతకు ముందు, రికార్డింగ్ నొక్కక ముందు, గుమ్మంలో నేను చెప్పులు ఎక్కడ పెట్టాలా అని చూస్తుంటే, ఆవిడ ఏమంది? అడక్కుండానే అంది. మొన్న సాయంత్రం రాజు కోటు ఇస్త్రీ చేసి ఇక్కడే తగిలించి వెళ్లాను, కాగితంలా ఉంది, నిన్న పొద్దున షట్టర్ ఎత్తి అడుగు లోపల పెట్టానో లేదో చీలమండ దాకా నీళ్లు, కిరీటాలు పడవల్లా ఎదురొచ్చాయి, నేను పడి పడి నవ్వాను తెలుసా, తర్వాత ఏడుపొచ్చిందనుకో, ముందు మాత్రం నవ్వే వచ్చింది. అది నిజం. కిరీటాలు ఎదురొచ్చాయన్న మాట ఎవరూ కల్పించరు. కష్టానికి ముందు నవ్వొచ్చిందని అబద్ధం చెప్పుకునే మనిషిని నేనింతవరకూ చూడలేదు. కానీ అది గాలిలో పోయింది. ఫోన్‌లో ఉన్నది రెండోది. కాగితం మీదికి వెళ్లేదీ రెండోదే. అందులోనూ ఒక పద్ధతి ఉంది. మేము మా ప్రశ్నలు రాయం. జవాబులన్నీ కలిపి ఆ మనిషే కూర్చుని వరసగా చెప్పుకున్నట్టు, నేను, నేను అంటూ రాస్తాం. నేను ఫలానా దుకాణం నడుపుతున్నాను. నేను నెలల తరబడి తడి బాధ పడుతున్నాను. నేను నోరు మూసుకున్నాను. ప్రశ్న పరంజా లాంటిది, గోడ లేచాక కర్రలు విప్పేసి తీసుకుపోతాం, గోడ దానంతటదే లేచినట్టు నిలబడుతుంది.

టక్కు. ఈ స్టూలు కాలు కింద ఏదైనా పెట్టాలి. ఏదీ ముట్టుకోకు అన్నారు.

పిన్ని కూడా అలాగే అడిగింది. ఆ రోజు నేను సూట్‌కేస్‌తో అమ్మ దగ్గరికి వచ్చేశాను, అమ్మ ఏమీ అడగలేదు, అన్నం పెట్టింది, పక్క వేసింది, పిన్నికి ఫోన్ చేసింది. పిన్ని వచ్చి నా పక్కన మంచం మీద కూర్చుని నా జుట్టు వెనక్కి తోసి, ఎంత మెత్తగా అడిగిందో, "ఎప్పట్నుంచే ఇలా?" అని. నేను చెప్పాల్సింది ఏమిటంటే, పోయిన ఆదివారం నుంచి పిన్నీ. ఆ ఆదివారం మధ్యాహ్నం దాకా నేను బాగానే ఉన్నాను. మా ఆయన స్నేహితులు వచ్చారు, నేను పళ్లెం పట్టుకుని గదిలోకి వస్తున్నాను, ఆయన నా గొంతు పెట్టి మాట్లాడుతున్నాడు. నిద్రలో నేను ఉలిక్కిపడి లేచి ఆయనకి మాత్రమే చెప్పిన మాటలు, చిన్నప్పుడు బావిలోకి తొంగి చూసినప్పటి భయం, నా గొంతుతో, నా సాగదీతతో, వాళ్లందరికీ వినిపిస్తున్నాడు. వాళ్లు నవ్వుతున్నారు. బాగా చేశాడు. నిజంగా అచ్చం నాలాగే చేశాడు. అంతే. కొట్టలేదు, తిట్టలేదు. పళ్లెం బల్ల మీద పెట్టాను, ఒలకలేదు కూడా. లోపల మాత్రం ఏదో ఉన్నట్టుండి పగిలింది. కానీ ఒక్క ఆదివారం గురించి చెబితే పిన్ని ఏమంటుంది, ఓస్ అంతేనా అంటుంది, మీ బాబాయి నన్ను పెళ్లిలోనే వెక్కిరించాడే అంటుంది. అందుకని నా గొంతు దానంతటదే బరువెక్కి, "మొదట్నుంచీ ఇంతే పిన్నీ," అంది.

పిన్ని చెయ్యి నా జుట్టు మీద ఆగిపోయింది. నాకు ఇప్పటికీ తెలుసు ఆ ఆగిపోవడం. "మొదట్నుంచీనా? మరి తెలిసీ ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నావే?" అంది. ఆ తర్వాత చుట్టాలందరి మాటా అదే అయింది. మొదట్నుంచీ తెలుసట, ఊరుకుందట, ఇప్పుడొచ్చి ఏడిస్తే ఎవరేం చేస్తారు. వదిన అంది, పెద్దమ్మ అంది, లాయరు కూడా కళ్లజోడు పైనుంచి చూస్తూ మర్యాదగా అదే అన్నాడు. కొద్దిగా జాలి కొనుక్కుందామని వెళ్లి నేను చేతిలో ఉన్న మంచి రోజులన్నీ ఇచ్చేశాను. ఉన్నాయి అవి. మేడ మీద చీకట్లో ఆయన రేడియో బాగు చేస్తుంటే నేను టార్చి పట్టుకున్న రోజు ఉంది. నాకు జ్వరం వస్తే ఆయన గరిటె తిప్పడం రాక అన్నం అడుగంటించి, పై అన్నం నాకు పెట్టి మాడింది తను తిన్న రోజు ఉంది. మొదట్నుంచీ అన్నాను కాబట్టి అవి లేవు. నా నోటితో నేనే కొట్టేశాను, ఇక ఎవరి ముందు తలుచుకోను. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని అమ్మ అంటూ ఉంటుంది, అది నోరు విప్పకు అని చెప్పడానికి అంటుంది, కానీ చించుకోవడంలో కూడా కొలత తప్పుతుందని అమ్మకి తెలీదు.

"అమ్మాయీ." ఉలిక్కిపడ్డాను. టక్కు. షాపావిడ నా పక్కకి వచ్చి నిలబడింది. చేతిలో సైనికుడి టోపీ, దాంట్లోంచి నీళ్లు ఆవిడ కాళ్ల మీదే కారుతున్నాయి, పట్టించుకోవడం లేదు. గొంతు తగ్గించి, "మీ పెద్దసారు వస్తున్నారన్నావు కదా. ఇందాక నేను తక్కువ చెప్పానేమోనని అప్పట్నుంచీ పీకుతోంది. నెలలంటే మరీ తేలిగ్గా ఉందా? ఏడాదని రాసుకో. రెండేళ్లయినా నాకేం అభ్యంతరం లేదు," అంది.

నా నోరు తెరుచుకుంది. వద్దండీ. ఒక్క రాత్రి అని చెప్పండి. గుమ్మంలో నాతో చెప్పిందే చెప్పండి. ఈ మాటలన్నీ నాలుక మీదికి వచ్చి నిలబడ్డాయి, ఒకదాన్నొకటి తోసుకుంటూ. ఇవి అంటే నేర్పించినట్టు. పాలసీదారుకి ఏం చెప్పాలో నేర్పించడం అంటే ఈ ఉద్యోగంలో అంతకంటే పెద్ద నేరం లేదు, నాకంటే ముందు చేరిన కుర్రాడు అలాగే పోయాడు, ఎవరి మీదో జాలిపడి రెండోసారి రికార్డు చేశాడు, రెండు రికార్డులూ దొరికాయి, అతన్నీ తీసేశారు, ఆ మనిషి క్లెయిమునీ కొట్టేశారు, మాట మార్చాడు కాబట్టి. జాలి ఇద్దర్నీ ముంచింది. "ఇంకేం చెప్పకండి," అన్నాను. అది కరుగ్గా వచ్చింది. ఆవిడ మొహం చిన్నబోయింది. "సరేలే, నీకు కోపమొచ్చినట్టుంది," అని టోపీ తీసుకుని వెళ్లిపోయింది. కోపం కాదండీ. ఇది కోపం కాదు. ఇది ఏమిటో చెప్పే వీలు లేదు.

లేచాను. కూర్చోలేను. వెనక గోడ దగ్గరికి వెళ్లాను. పైఅంతస్తు స్నానాలగది గొట్టం ఈ గోడలోంచే దిగుతుంది, ప్లంబరు గోడ పగలగొట్టి పాడైన ముక్క కోసి కొత్తది వేశాడు, కోసిన ముక్క ఏదయ్యా అంటే తుక్కులో పడేశాడట. అది ఉంటే చాలా చెప్పేది. లేదు. మిగిలింది గోడ. ముట్టుకోకూడదు, చూడొచ్చు. చూస్తున్నాను. నెలల తరబడి ఊరిన గోడకి మరకలు వలయాలు వలయాలుగా ఉంటాయి, తెల్లటి ఉప్పు పూస్తుంది, సున్నం పొలుసులుగా లేస్తుంది, మేకుల చుట్టూ తుప్పు కారి ఎర్రటి కన్నీళ్లు పెట్టుకున్నట్టుంటుంది, ముక్కు దగ్గర పెడితే బూజు వాసన. ఇక్కడ అవేవీ లేవు. ఒకటే గీత, నిలువునా దిగి, కింద పరుచుకుని, గీత గీసినట్టు ఆగింది. మేకులు తళతళలాడుతున్నాయి. ఎలుగుబంటి చంక దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాను, తడి ఊలు వాసన, అంతే, ఏ ఆఫీసులోనూ ఏ ఆడమనిషీ ఎలుగుబంటి చంక వాసన చూసి ఉండదు, నవ్వొచ్చింది, ఆపుకున్నాను. ఇంకో మూల, కిటికీ కింద, చిన్న పాత చెమ్మ ఉంది, వాన పడినప్పుడు కిటికీలోంచి వచ్చేది, దానికీ దీనికీ సంబంధం లేదు. ఆవిడ నెలలన్నది దాన్ని తలుచుకునే అయ్యుంటుంది. కష్టం చెప్పుకునేటప్పుడు మనిషి ఇంట్లో ఉన్న తడినంతా ఒక చోటికి తెస్తాడు.

లేక నేను అలా చూడదలుచుకున్నానా? ఆవిడ గడ్డం పిండుతూ నవ్వించింది కాబట్టి గోడ నాకు అలా కనిపిస్తోందా? అదీ ఉండొచ్చు. మనసు ముందే తీర్పు రాసుకుని తర్వాత సాక్ష్యం వెతుక్కుంటుంది, నా మనసు ఆ పని చేస్తుందని నాకు బాగా తెలుసు, ఆదివారం మధ్యాహ్నం తర్వాత వెనక్కి తిరిగి చూస్తే ఆయన నవ్విన ప్రతి నవ్వులోనూ వెక్కిరింత కనిపించింది, రేడియో బాగు చేసిన రాత్రిలో కూడా. అప్పుడు లేదు, తర్వాత వచ్చి చేరింది. మళ్లీ వంగి మేకులు చూశాను. తళతళే. మేకుకి నా మీద జాలి లేదు, ఆవిడ మీదా లేదు. ఇంకొకటి కూడా తోస్తోంది, తోస్తే ఊరుకోదు. ఆ గొట్టం ఒక్క రాత్రి పగిలింది సరే, లోపల్లోపల ఎన్నేళ్లుగా పల్చబడుతూ వచ్చిందో ఎవరు చూశారు? అప్పుడు అది హఠాత్తా, నెమ్మదా? ఇదే సార్‌ని అడిగితే మొదటి వారంలోనే చెప్పారు, "గోడ లోపల జరిగేది గోడ సంగతి. బయటికి కనిపించాకే మనిషిని తప్పు పట్టాలి." కనిపించకముందు నుంచీ తెలిసుండాల్సింది అనే హక్కు ఎవరికీ లేదన్నమాట. పాలసీలో ఇంత దయ ఉందని నేను అనుకోలేదు. పిన్ని దగ్గర లేదు. నా దగ్గరా లేదు, నా విషయంలో.

ఫోన్ తీశాను. ఆ రికార్డింగ్ మీద బొటనవేలు పెడితే కిందనే చెత్తబుట్ట బొమ్మ. తీసేస్తే? ఫోన్ తడిసింది సార్, నీళ్లలో పడింది, చూడండి ఇక్కడంతా నీళ్లే కదా. ఎంత తేలిక. ఈ గదిలో అన్నీ తడిసినవే, ఒక ఫోన్ తడిస్తే ఎవరు కాదంటారు. వేలు అక్కడే ఉంది. ఈ ఉద్యోగం పోతే అమ్మ దగ్గరికి మళ్లీ సూట్‌కేస్, మళ్లీ మంచం మీద పిన్ని, మళ్లీ మెత్తగా ఎప్పట్నుంచే. ఈ ఊళ్లో ఇప్పుడు నా గదికి ఒక తాళంచెవి ఉంది, నా పేరున గ్యాసు ఉంది, రాత్రి ఉలిక్కిపడితే ఎవరికీ చెప్పనక్కర్లేదు, లేచి లైటు వేసుకుంటాను. తీసేస్తే ఆవిడ బతుకుతుంది, నేను పట్టుబడకపోతే నేనూ బతుకుతాను. తీసెయ్యకుండా మామూలు పద్ధతిలో రాసేస్తే నేను బతుకుతాను, ఆవిడ మునుగుతుంది, నన్ను ఎవరూ ఏమీ అనరు, ఆవిడ చెప్పింది ఆవిడ చెప్పినట్టే రాశాను కదా. అందులో ఒక్క అబద్ధం ఉండదు. అదే భయంగా ఉంది. ఒక్క అబద్ధం కూడా లేకుండా ఒక మనిషిని ముంచొచ్చు. వేలు తీసేశాను. ఫోన్ జేబులో పెట్టాను. మళ్లీ తీశాను. మళ్లీ పెట్టాను.

బయట కారు తలుపు పడింది. సార్ సంచిలోంచి రబ్బరు చెప్పులు తీసి వేసుకుని, ప్యాంటు మడిచి, లోపలికి వచ్చారు. షాపావిడని చూసి నమస్కారం పెట్టారు. "ఏంటమ్మా, మీ రాజ్యమంతా మునిగినట్టుందే."

"రాజుగారికి న్యుమోనియా అండీ," అంది ఆవిడ. ఆయన నవ్వారు. నవ్వొచ్చన్నమాట.

ఆయన గోడ దగ్గర వంగారు. చేతి వెనకవైపు కింద ఆనించారు, కాస్త పైన, ఇంకాస్త పైన. గోరుతో సున్నం గీకారు. ఒక మేకు పీకి కిటికీ వెలుగులో తిప్పి చూశారు. నాకు మాత్రమే వినపడేట్టు, "నిన్నా మొన్నటి నీళ్లే," అన్నారు. తర్వాత చెయ్యి చాపారు, ఫోన్ కోసం. ఇచ్చాను. చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. కనుబొమలు పైకి లేచి అక్కడే ఉండిపోయాయి. వెనక్కి జరిపి మళ్లీ విన్నారు. ఆయన విన్నది ఆవిడ గొంతు కాదని, నా గొంతని, ఆయన నావైపు చూసిన తీరులో తెలిసింది.

"రాసెయ్యి," అన్నారు, నన్ను తీగల వెనక్కి, ఎలుగుబంటి చాటుకి తీసుకెళ్లి. "ఎప్పుడూ రాసేట్టే రాయి. ఆవిడ అంది, నువ్వు రాశావు. రెండోసారి అడగడానికి లేదు. గోడ గురించి నేనో ముక్క రాస్తాను, వాళ్లు చదవరు."

"నేను అడిగింది కూడా రాస్తాను సార్. అడిగిన మాట అడిగినట్టే. అంతకు ముందు గుమ్మంలో, నేను అడక్కముందు, ఆవిడ ఏమన్నారో కూడా."

"మనం ప్రశ్నలు రాయం."

"రాయకూడదని ఎక్కడైనా ఉందా సార్?"

ఆయన చెంప గోక్కున్నారు. "ఉండదు. ఎవడూ రాయడు కాబట్టి, రాయకూడదని రాసే అవసరం ఎవడికీ రాలేదు." ఇందాక పీకిన మేకుని వేళ్ల మధ్య తిప్పారు. "చూడమ్మా. ప్రశ్న కనిపిస్తే ఆ జవాబు నువ్వు లాగినట్టు తెలుస్తుంది. దానికి గోడ తోడుంటే ఆవిడ ఫైలు నిలబడుతుంది. నీ ఫైలు సంగతి నేను చెప్పలేను. ట్రైనీ అడగకూడని ప్రశ్న అడిగిందని నువ్వే రాసిచ్చాక, నీ ప్రొబేషన్ కాగితంలో నన్నేం రాయమంటావు?"

"జరిగింది రాయండి సార్."

ఆయన కాగితాలు ఇచ్చారు, అడుగున ఒక అట్ట కూడా పెట్టి ఇచ్చారు.

స్టూలు మీద కూర్చున్నాను. టక్కుమంది, అననీ. రాశాను. చెయ్యి మొదట్లో అలవాటు పడినట్టు నేను అని ఆవిడ తరఫున మొదలుపెట్టింది, కొట్టేశాను. సర్వేయర్ ట్రైనీ అడిగిన ప్రశ్న, అని రాసి రెండు చుక్కలు పెట్టి, ఎప్పట్నుంచి కారుతోందండీ, అని రాశాను. ఇలా అడగకూడదని నాకు ముందే చెప్పి ఉన్నారు, అని రాశాను. తర్వాత కిరీటాలు పడవల్లా ఎదురొచ్చాయన్నది, ముందు నవ్వొచ్చిందన్నది, అవి ఫోన్‌లో లేవని, నేను చెవులారా విన్నానని రాశాను. ఆవిడ నెలలన్నది కూడా రాశాను, ఒక్క అక్షరం తగ్గించకుండా, నా ప్రశ్న కిందే. రాస్తుంటే గంట నుంచీ లోపల అటూ ఇటూ తిరుగుతున్నదేదో ఆగిందని చెప్పను, ఆగలేదు, కానీ దానికి తిరగడానికి కాస్త చోటు దొరికింది.

కాగితం షాపావిడ చేతికిచ్చాను. కళ్లజోడు వెతుక్కుని, అది ఏ నాటకం సామానులోదో, ఒక వైపు పుల్ల లేదు, పట్టుకుని చదివింది. చదువుతుంటే పెదవులు కదిలాయి. మధ్యలో ఒకచోట ఆగి, వెనక్కి వెళ్లి, ఆ ప్రశ్నా జవాబూ మళ్లీ చదివింది. తలెత్తి నన్ను చూసింది, సార్‌ని చూసింది, కిటికీ కింద మూలని చూసింది. అర్థమవుతోంది ఆవిడకి, మెల్లగా, నేను చెప్పకుండానే. కాగితం దించి, "ఇందులో నా మాటల కంటే నీ మాటలే ఎక్కువున్నాయి కదే పిల్లా," అంది. "ఎక్కడ పెట్టాలి సంతకం?"

"ఆగండి," అన్నాను. "ముందు నేను పెట్టాలి."

అడిగే మా పేరుకి ఆ కాగితంలో చోటు ఉండదు. ప్రశ్న పక్కన అంచులో, ఉన్న జాగాలో, సంతకం పెట్టాను. గదిలో చెమ్మకి కాగితం మెత్తబడి ఉంది, సిరా కొంచెం పాకింది. చదవడానికి వస్తోంది.